ఆగిపోయిన పాత చర్చను మళ్లీ లేపడం ఎలా: చదవడం నుంచి ముగింపు మాట దాకా

"నాలుగేళ్ల కిందటి థ్రెడ్‌లో అచ్చం నా సమస్యే ఉంది. అందులోనే అడగొచ్చా, కొత్తది పెట్టాలా?" ఆన్‌లైన్ ఫోరమ్‌లలో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. థ్రెడ్ అంటే ఒక పోస్టు, దాని కింద వరుసగా సాగిన చర్చ. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో రాసేసి, ఎవరితోనో మాట పడి వచ్చినవాళ్లే.

అడగొచ్చు. కాకపోతే ఉత్త చేతులతో వెళ్లకండి. చర్చను లేపాక అందులో కొత్తగా ఒక్క ముక్కైనా ఉండాలి: ఒక వివరం, ఒక ఫలితం, లేదంటే సరిగ్గా అడిగిన ఒక ప్రశ్న. అది లేనప్పుడే జనం విసుక్కుంటారు.

ఆన్‌లైన్‌లో దీన్ని 'బంప్' చేయడం అంటారు. చాలాకాలం తర్వాత చేస్తే 'నెక్రో' అని వెక్కిరిస్తారు, పోయినవాణ్ణి పిలిచి లేపుతున్నావని. ఆ వెక్కిరింపుకు భయపడి మంచి చర్చను వదిలేయక్కర్లేదు. కింద చెప్పిన క్రమంలో వెళ్తే చాలు.

1. మీరు రాస్తే ఎవరికి గంట మోగుతుంది?

ముందు చూడాల్సింది ఇదే, అందరూ మర్చిపోయేదీ ఇదే. ఒక్కోచోట ఒక్కోలా జరుగుతుంది.

పాతకాలపు ఫోరమ్ బోర్డుల్లో చివరిసారి ఎప్పుడు రాశారన్నదాన్ని బట్టి థ్రెడ్‌లు వరుసలో ఉంటాయి. మీరు "థ్యాంక్స్" అని ఒక్క ముక్క రాసినా పదేళ్ల నాటి చర్చ మొదటి పేజీ తలమీదికి వచ్చి కూర్చుంటుంది. ఇవాళ ఎవరో అడిగిన ప్రశ్న ఆ మేరకు కిందికి జారుతుంది. జనం కోపం దీని మీదే.

డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే చోట్ల ఈ బాధ కొంత తక్కువ. చివరి మాట పడి చాలాకాలమైతే, మీరు రాయబోయేటప్పుడు అదే హెచ్చరిస్తుంది. మామూలుగా ఆ గడువు 180 రోజులు, నడిపేవాళ్లు మార్చుకోవచ్చు. ఆ హెచ్చరిక వస్తే రాయొద్దని అర్థం కాదు, ఒకసారి ఆలోచించమని.

రెడిట్‌లో పాత పోస్టు కింద రాస్తే అది పైకి రాదు. మీరు ఎవరికి బదులిచ్చారో వాళ్లకు మాత్రం కబురు వెళ్తుంది. ఒకప్పుడు ఆరు నెలలు దాటిన పోస్టులన్నీ వాటంతటవే మూతపడేవి. 2021 నుంచి ఆ సంగతి ఆయా కమ్యూనిటీల ఇష్టానికి వదిలేశారు. కాబట్టి అక్కడ ఒకరితోనే మాట్లాడుతున్నట్టు లెక్క. ఊరంతా వింటుందని అనుకోకండి.

సాఫ్ట్‌వేర్ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో, ఇష్యూ (ఒక సమస్య గురించి తెరిచిన చర్చ) కింద ఒక వ్యాఖ్య పెడితే, దాన్ని అనుసరిస్తున్న ప్రతి ఒక్కరికీ నోటిఫికేషన్ వెళ్తుంది. చాలామందికి అది మెయిల్ రూపంలోనే అందుతుంది. "నాక్కూడా ఇదే సమస్య" అని నలభై మంది రాస్తే నలభై మెయిళ్లు. ఈ గోల భరించలేకే 2016 మార్చిలో అక్కడ బొటనవేలు గుర్తు లాంటి రియాక్షన్లు వచ్చాయి. మీ మాట "నాక్కూడా" వరకే అయితే మొదటి పోస్టు మీద ఆ గుర్తు నొక్కి ఊరుకోండి.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో లెక్క వేరు. పాత ప్రశ్నకు మంచి జవాబు రాస్తే అక్కడ తిట్టరు, బ్యాడ్జి ఇస్తారు. అరవై రోజులు దాటిన ప్రశ్నకు జవాబిచ్చి, దానికి స్కోరు అయిదు దాకా వస్తే దక్కే బ్యాడ్జి పేరు నెక్రోమాన్సర్. వెక్కిరింపు పేరునే బిరుదు చేశారన్నమాట. కానీ జవాబు పెట్టెలో "నాకూ ఇదే ప్రాబ్లమ్" అని రాస్తే తీసేస్తారు.

2. చివరి పేజీ దాకా చదవండి

మొదటి పోస్టు, దాని కింది రెండు బదుళ్లు చదివి ఆవేశపడకండి. చాలా చర్చల్లో అసలు జవాబు ఆఖరి పేజీలో, ఎవరో తీరిగ్గా రాసిన నాలుగు ముక్కల్లో ఉంటుంది.

చదువుతూ ఇవి చూసుకోండి:

- చివరి మాట ఏ తేదీది? (మొదటి పోస్టు తేదీ కంటే ఇది ముఖ్యం.)
- మొదటి పోస్టును తర్వాత దిద్దారా? అడిగినవాళ్లు జవాబు దొరికాక అక్కడే పైన చేర్చి ఉండొచ్చు.
- పరిష్కారం అయిందన్న గుర్తు ఉందా?
- "ఈ చర్చ ఫలానా చోట కొనసాగుతోంది" అని లింకు ఉందా?
- ఇక ఎవరూ రాయకుండా థ్రెడ్‌కు తాళం వేశారా? వేసి ఉంటే ఎందుకో రాశారా?
- అడిగిన మనిషి ఇంకా అక్కడికి వస్తున్నారా? ప్రొఫైల్‌లో చివరిసారి కనబడిన తేదీ ఉంటుంది.

ఈ తేదీల పాఠం నేను సిగ్గుపడి నేర్చుకున్నాను. ఒక రాత్రి ఎవరో ప్రింటర్ పనిచేయడం లేదని అడిగితే, గంటసేపు కూర్చుని బొమ్మలతో సహా జవాబు రాశాను. పోస్టు నొక్కాక చూస్తే అది విండోస్ ఎక్స్‌పీ నాటి ప్రశ్న. మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది 2014 ఏప్రిల్‌లో. నేను రాసేనాటికి ఆ కంప్యూటరే కాదు, ఆ ప్రింటర్ కూడా తుక్కులోకి పోయి ఏళ్లయి ఉంటుంది. తెల్లారేసరికి నా జవాబు కింద మూడు నవ్వు బొమ్మలు.

3. విషయం చద్దిదా, పాచిపోయిందా?

చద్దన్నం తినొచ్చు, పాచిపోయింది తినలేం. పాత చర్చలూ అంతే. ఎన్నేళ్లు గడిచాయన్నది ఒక్కటే చూస్తే పొరపడతారు. లోపలి సరుకు మారిందా లేదా అన్నది చూడాలి.

డీటీపీలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైలును యూనికోడ్‌లోకి మార్చడం గురించి పదేళ్ల కిందట మాట్లాడుకున్నా, ఇవాళ్టికీ పనికొస్తుంది. ఆ ఫాంట్లు మారలేదు, ఆ చిక్కులూ మారలేదు. ఆవకాయలో ఉప్పు పాళ్ల గురించిన చర్చా అంతే. ఇలాంటివి ధైర్యంగా లేపొచ్చు.

పాచిపోయేవి వేరు. తెలంగాణలో పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడం ఎలా అని 2022లో జరిగిన చర్చ తీసుకోండి. అందులో ప్రతి మెట్టూ ధరణి పోర్టల్ చుట్టూనే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. ఆ పాత థ్రెడ్ కింద "నాకు మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది" అని రాస్తే ఎవరేం చెప్తారు?

బండి నంబర్ల చర్చల్లో టీఎస్ అని ఉంటుంది, 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ. వీసా ఇంటర్వ్యూకు బేగంపేట పైగా ప్యాలెస్‌కు వెళ్లమని చెప్పే పాత పోస్టులు ఇంకా వెతుకులాటలో దొరుకుతాయి. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలోనే నానక్‌రాంగూడకు మారిపోయింది. వీసా నిబంధనల విషయంలో అయితే నిరుటి చర్చను కూడా నమ్మకండి.

పాచిపోయిన చర్చలో ఒక్క మాట మాత్రం రాయొచ్చు, రాయాలి కూడా: "ఇది ఇప్పుడు చెల్లదు, ఫలానా నెలలో మారింది, కొత్త చర్చ ఇక్కడ ఉంది" అని లింకుతో. గూగుల్‌లో వెతికి అక్కడికి వచ్చి పడేవాళ్లు చాలామంది. ఎవరికీ జవాబు కాని ఈ ఒక్క వాక్యం వాళ్లందరికీ దారి చూపిస్తుంది.

4. పాతదాంట్లోనా, కొత్తదిగానా?

ఇప్పుడు నిర్ణయం.

పాతదాంట్లోనే రాయండి, ఒకవేళ:

- అక్కడ తేలని ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటే.
- అక్కడ చెప్పిన జవాబు తప్పని మీరు చేసి చూసి తెలుసుకుంటే.
- చెప్పినట్టే చేసి, ఒకచోట ఆగిపోయి, ఆ ఒక్కచోటు గురించే అడుగుతుంటే.
- ఆ థ్రెడ్ ఏళ్ల తరబడి నడవడానికే పెట్టినదైతే. 'మీరు ఇప్పుడు ఏం చదువుతున్నారు' లాంటివి. వీటికి పాత, కొత్త లేవు.

కొత్తది పెట్టండి, ఒకవేళ:

- లక్షణం ఒకటే అయినా కారణం వేరని అనుమానం ఉంటే.
- వెర్షన్, పోర్టల్, నిబంధన, ఊరు మారి ఉంటే.
- పాతదాంట్లో జనం కొట్టుకుని ఆగిపోయి ఉంటే.
- పాతది తాళం వేసి ఉంటే, లేదా పరిష్కారమైనట్టు మూసేసి ఉంటే.

కొత్తది పెట్టినా పాతదాన్ని మర్చిపోకండి. పైన ఒక లింకు, "ఇది చదివాను, ఇందులో ఫలానాది నాకు పనిచేయలేదు" అని ఒక వాక్యం. ఇది లేకపోతే మొదటి బదులు ఖాయం: "సెర్చ్ చేయలేదా?" పాతదాంట్లో రాస్తే ఎందుకు లేపావంటారు, కొత్తది పెడితే ముందు వెతకలేదా అంటారు. రెండు వైపులా వాయించే మద్దెల బతుకు ఇది. లింకు ఉంటే రెండు దెబ్బలూ తప్పుతాయి.

ఎటూ తేల్చుకోలేకపోతే? కొత్తదే పెట్టండి. అవసరమైతే కలిపేయడం నిర్వాహకులకు తేలిక. పాతదాంట్లో కలగలిసిన రెండు సమస్యలను విడదీయడం కష్టం.

5. రాసే వరుస

ఈ క్రమంలో రాయండి. పేరాలు అక్కర్లేదు, ఆరేడు వాక్యాలు చాలు.

- పాతదని మీకు తెలుసన్న మాట. తేదీతో.
- ఎవరి మాట పట్టుకుని ముందుకు వెళ్తున్నారో. ఆ వాక్యాన్ని ఉటంకించండి, పేజీ మొత్తాన్ని కాదు.
- మీరు చేసింది, వచ్చిన ఫలితం.
- మీ దగ్గరున్న సరంజామా: వెర్షన్, మోడల్, ఊరు, ఏది అవసరమో అది.
- ఒకే ఒక్క ప్రశ్న.

క్షమాపణ ఒక్క ముక్క చాలు, అసలు లేకపోయినా పర్వాలేదు. "పాత థ్రెడ్ లేపినందుకు పెద్దలందరూ మన్నించాలి" అని దండకం చదివితే, చదివేవాళ్లకు అసలు విషయం మూడో పేరాలో గానీ దొరకదు.

నమూనా ఒకటి:

"నమస్కారమండీ. ఇది 2019 నాటి చర్చ అని చూశాను. రెండో పేజీలో చెప్పినట్టే అను ఫాంట్ల ఫైలును యూనికోడ్‌లోకి మార్చాను. మామూలు అక్షరాలు బాగానే వచ్చాయి. 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటల్లో వత్తులు మాత్రం విడిపోతున్నాయి. పేజ్‌మేకర్ 7, విండోస్ 11. మార్చకముందు పేరా, మార్చాక పేరా కింద పెట్టాను. ఈ వత్తులను ఒకేసారి సరిచేసే దారి ఎవరికైనా దొరికిందా?"

ఇలా మాత్రం వద్దు: "హలో ఎవరైనా ఉన్నారా?? సేమ్ ఇష్యూ. అర్జెంట్, ప్లీజ్ హెల్ప్."

మొదటిదానికి జవాబు రాకపోయినా అది చర్చకు ఒక చేర్పు. తర్వాత వచ్చేవాళ్లకు వత్తుల చిక్కు ఒకటి ఉందని తెలుస్తుంది.

పాత మనిషిని ట్యాగ్ చేయాలా? వాళ్ల మాట గురించే అడుగుతుంటే ఒకసారి చేయొచ్చు, పేరు పక్కన 'గారు' చేర్చి. చర్చలో పాల్గొన్న పదిమందినీ వరుసగా ట్యాగ్ చేయడం మాత్రం, నడిరాత్రి వీధిలోని తలుపులన్నీ తట్టడమే.

6. తెలుగు వికీపీడియా చర్చ పేజీల్లో

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనకా ఒక చర్చ పేజీ ఉంటుంది. అందరూ కలిసి మాట్లాడుకునే చోటు రచ్చబండ. ఇక్కడ ఇబ్బంది తిరగబడుతుంది. పాత విభాగం కింద రాస్తే అది పైకి రాదు, అక్కడే పేజీ మధ్యలో ఉండిపోతుంది. ఆ పేజీని వీక్షణ జాబితాలో పెట్టుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ గమనించకపోవచ్చు.

అందుకని, పాత విభాగంలో ఎవరూ లేకపోతే పేజీ అడుగున కొత్త విభాగం తెరిచి పాతదానికి లింకు ఇవ్వండి. ఆ వాడుకరి పేరును లింకుగా రాసి, అదే దిద్దుబాటులో సంతకం చేస్తే వారికి కబురు వెళ్తుంది. నాలుగు టిల్డెలతో (~~~~) చేసే ఆ సంతకం మర్చిపోతే తేదీ పడదు, కబురూ వెళ్లదు. పాత చర్చలను దాచిన భాండాగార పేజీల్లో మాత్రం రాయకండి, అవి చదవడానికే.

7. వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా అపార్ట్‌మెంటు గ్రూపుల్లో

ఎక్కువ తగువులు పుట్టేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

పాత మెసేజిని వెతికి పట్టుకుని, దాన్ని పక్కకు జరిపి దానికే రిప్లై ఇవ్వండి. తేదీ మీరే రాయండి, ఎందుకంటే రిప్లైలో కనబడే పాత ముక్క మీద తేదీ ఉండదు. నిరుడు జూన్‌లో "బోరు మోటారు కాలిపోయింది" అన్న మెసేజికి మీరు ఇవాళ "ఎంతయింది?" అని రాస్తే, పై అంతస్తువాళ్లు అప్పుడే బకెట్లు నింపుకోవడం మొదలెడతారు.

మధ్యలో చేరినవాళ్లకు పాత చర్చ కనబడదని లెక్కేసుకుని, రెండు వాక్యాల్లో జరిగింది చెప్పండి: ఏం అనుకున్నాం, ఎక్కడ ఆగింది.

పాత గొడవలు వేరే సంగతి. మాటలు ఆగినంత మాత్రాన చల్లారినట్టు కాదు, నివురు కింద నిప్పు ఉంటుంది. మెయింటెనెన్స్ లెక్కలో, పార్కింగ్ గీతల్లో ఇంకా తేలాల్సిన నిర్ణయం ఉంటేనే లేపండి. లేపినప్పుడు నిర్ణయాన్ని పట్టుకురండి, ఎవరు ఎవర్ని ఏమన్నారో వద్దు. "అప్పుడు మీరే కదా ఇలా అన్నారు" అని స్క్రీన్‌షాట్ పెట్టారంటే ఇక లెక్కల మాట ఆ రోజుకు అయిపోయినట్టే. అవతలివాళ్లు పెద్దవాళ్లయితే ముందు ఒక ఫోన్ చేయండి: "బాబాయ్ గారూ, ఆ పార్కింగ్ విషయం మళ్లీ గ్రూపులో పెడదామనుకుంటున్నాను, మీరేమంటారు?" సగం తగువు ఆ ఫోన్‌లోనే తెగిపోతుంది.

8. జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

"దొరికింది, థ్యాంక్స్" అని వెళ్లిపోవడం. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద తప్పు ఇది. ఏం దొరికిందో చెప్పకుండా తలుపేసుకోవడం. ఇదే మీరు చేసి ఉంటే ఇప్పుడైనా వెళ్లి ఆ పోస్టును దిద్దండి. దిద్దే వీల్లేకపోతే కింద ఒక్క బదులు పెట్టండి. ఈ కారణంగా పాత చర్చను లేపితే ఎవరూ ఏమీ అనరు.

అమ్మకం పోస్టు కింద "ఇంకా ఉందా?" అనడం. రెండేళ్లు దాటితే ఉండదు. కొత్తగా 'కావాలి' అని పెట్టుకోండి.

అప్పటి మనిషిని ఇప్పుడు తిట్టడం. 2015లో ఎవరో రాసిన అభిప్రాయానికి ఇవాళ కోపగించుకుని బదులిస్తే, అది వాళ్లకు గుర్తుండదు, చూసేవాళ్లకు మీరే గుర్తుంటారు. ఆ రాసిన మనిషి ఇప్పుడు లేకపోయి ఉండొచ్చు కూడా. పోయినవారి సంతాప చర్చలో ఆలస్యంగా నాలుగు మాటలు రాయడంలో మాత్రం తప్పేమీ లేదు.

ఫొటోలు కనబడటం లేదని ఫిర్యాదు. పాత థ్రెడ్‌లలో ఇది మామూలే. 2017లో ఫొటోలు దాచుకునే సైటు ఫోటోబకెట్ బయటి సైట్లలో బొమ్మలు చూపించడానికి డబ్బులడిగినప్పుడు ఎన్నో చర్చలు బొమ్మల్లేకుండా మిగిలిపోయాయి. అడిగేముందు ఆ లింకును వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు) వెతకండి. దొరికితే మీరే తిరిగి ఎక్కించండి. అదే మీరు తెచ్చే కొత్త ముక్క.

జవాబు రాలేదని రెండోరోజే "అప్" అని రాయడం. కనీసం వారం ఆగండి. తర్వాతైనా కొత్త వివరంతోనే రండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో అయితే దీనికి వేరే దారి ఉంది: మీ పాయింట్లలోంచి కనీసం 50 బౌంటీగా, అంటే జవాబిచ్చినవాళ్లకు బహుమతిగా, పెడితే ఆ ప్రశ్న ఏడు రోజులు ప్రత్యేకంగా కనబడుతుంది.

తెలియకుండా లేపేశారా? ఎవరైనా "తేదీ చూశారా" అంటే, "చూసుకోలేదండీ, కొత్తది పెడతాను" అని ఒక్కసారి చెప్పి ఆగిపోండి. మీరు సమర్థించుకున్నకొద్దీ ఆ థ్రెడ్ పైనే ఉంటుంది.

9. లేపింది వేరేవాళ్లయితే

"ఇది 2016 నాటిది, ఎందుకు లేపావ్?" అని రాసేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ మాటతో వాళ్లూ దాన్ని ఇంకోసారి లేపారు. వచ్చినవాళ్లు కొత్తవాళ్లయితే లింకు ఇచ్చి దారి చూపించండి. లేదా ఊరుకోండి, అదే కిందికి జారిపోతుంది.

నిర్వాహకులైతే తాళం వేసేముందు చివర ఒక వాక్యం పెట్టండి: ఎందుకు మూస్తున్నారో, కొత్త చర్చ ఎక్కడుందో. కారణం లేని తాళం చూస్తే కొత్తవాళ్లు తలుపు దగ్గరి నుంచే వెనక్కి పోతారు.

10. నొక్కేముందు, నొక్కాక

నొక్కేముందు:

- చివరి పోస్టు తేదీ చూశాను.
- చివరి పేజీ దాకా చదివాను.
- విషయం ఇప్పటికీ చెల్లుతుందని సరిచూశాను.
- నా మాటలో కొత్త ముక్క ఉంది.
- ప్రశ్న ఒక్కటే అడిగాను.
- ఆధార్, ఫోన్ నంబర్, సర్వే నంబర్ లాంటివి బొమ్మలో కనబడకుండా కొట్టేశాను.

నొక్కాక ఆ థ్రెడ్‌కు నోటిఫికేషన్ పెట్టుకోండి. లేపింది మీరే కాబట్టి మొదటి రెండు రోజులు అక్కడికి వెళ్లి చూస్తుండండి, ఎవరైనా అదనపు వివరం అడిగితే ఆ రోజే ఇవ్వండి. సమస్య తీరితే ఏం చేస్తే తీరిందో మెట్లవారీగా రాయండి, వెర్షన్‌తో, తేదీతో. తీరకపోతే అదీ రాయండి: "ఈ మూడూ చేసి చూశాను, కుదరలేదు, ఫైలు మొత్తం తిరిగి టైపు చేయించుకున్నాను." ఆ మూడు దారులూ మూసుకుపోయాయని తెలిస్తే తర్వాత వచ్చినవాళ్లు నాలుగోదానితో మొదలుపెడతారు.